చెమట పట్టని కుట్టు

పోయిన నెల బీచ్ రోడ్డులో కొత్తగా కట్టిన ఒక హోటల్లో నిశ్చితార్థం భోజనానికి వెళ్ళాను. మా షాపు పక్కన మందుల దుకాణం నడిపే ఆయన కూతురి నిశ్చితార్థం అది. బిర్యానీ, కూరలు, పెరుగు గిన్నెలు అన్నీ ఒక పడవలో పెట్టి వడ్డిస్తున్నారు. పడవకు రంగులు వేశారు. అంచు వెంట చిన్న చిన్న దీపాలు వేలాడదీశారు. పలకల మధ్య లావు తాడుతో కుట్లు కూడా కనిపించాయి. నేను ప్లేటు ఎడమ చేతిలోకి మార్చుకొని, కుడి చేతి బొటనవేలు ఆ కుట్టు మీద పెట్టి నొక్కాను. తాడు పక్కకు జరిగింది. కింద పలకలకు మేకులు కొట్టి ఉన్నాయి. తాడు అందం కోసం చుట్టింది. వెనకనున్న ఆవిడ "కొంచెం జరుగుతారా అండీ" అనేదాకా నేను వరసను ఆపేశానని గమనించలేదు.

అలా బొటనవేలితో నొక్కి చూడడం నాకు ఒక ముసలాయన నుంచి వచ్చింది. ఆయన పోయి రెండు వానాకాలాలు గడిచాయి.

ఆయన పేరు నాకు తెలుసు గాని రాయను. జాలరిపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. చేపలమ్మే ఆడవాళ్ళు 'కుట్ల మావ' అనేవాళ్ళు, పిల్లలు 'కుట్ల తాత' అనేవాళ్ళు. ఇనుప మేకన్నది లేకుండా, పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టి పడవ చేయగలిగిన మనిషి ఆ ఒడ్డున అప్పటికి ఆయనొక్కడే మిగిలాడు. మిగతావన్నీ ఫైబర్ బోట్లు.

నాకు మద్దిలపాలెం డిపోకి దగ్గరలో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మా నాన్న పోర్టులో పనికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. ఆ తర్వాత చదివినదంతా గ్రంథాలయంలో చదివినదే. చరిత్ర, నౌకలు, నేల పొరలు, పక్షులు, ఏది దొరికితే అది చదివాను. అది చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసే మేడం తన కాగితాలు టైపు చేయించుకోడానికి నా షాపుకి వచ్చేది. ఒకసారి ఆమె రాసిన దాంట్లో నేను రెండు తప్పులు దిద్దాను. ఆ మర్నాడే నాకు ఒక పని అప్పజెప్పింది.

భీమిలి వైపు పల్లెల్లో పది తప్పి, చదువు మానేసి, చేతిలో పని లేకుండా తిరిగే కుర్రాళ్ళను ఆరుగుర్ని తెచ్చి, జాలరిపేట ఒడ్డున పాక వేసి, ఆ ముసలాయన చేత కుట్టు పడవ నేర్పిస్తున్నారు. ఆయన చెప్పేదంతా నేను పుస్తకంగా రాయాలి. పడవ పూర్తయి, సంస్థ పెద్దల ఎదుట కెరటాలు దాటి వెనక్కి వస్తే, ఆ ఆరుగురినే గురువులుగా పెట్టి, నెల జీతాలిచ్చి, ఇంకొక జట్టుకి నేర్పిస్తారు. రాకపోతే పాక ఎత్తేస్తారు. పాక ఎత్తేస్తే ఆ పిల్లలు ఎక్కడికి పోతారో అందరికీ తెలుసు. వాళ్ళ అన్నలు పోయిన చోటికే, గుజరాత్ బోట్ల మీదికి. నెలల తరబడి నేల కనిపించని పని అది. ఆ ఆరుగురిలో నూకరాజు అనే కుర్రాడి పేరు ఆ బోట్లకి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ అప్పటికే రాసుకున్నాడట.

నేను మొదటిరోజు కొత్త నోట్‌బుక్కు, స్కేలు, కొలత టేపు పట్టుకొని వెళ్ళాను. పాక నిండా కొబ్బరి పీచు వాసన, సొరచేప నూనె వాసన. తాత ఒక తాటి దుంగ మీద కూర్చొని తాడు కొస నములుతున్నాడు. కాసేపు నమిలి ఉమ్మేసి, ఆ తాడు చుట్టను కాలితో పక్కకు తోసేశాడు.

"ఎందుకు తాతా, అది బాగాలేదా?" అన్నాను.

"సప్పనీళ్ళలో నానబెట్టినారు. ఉప్పునీళ్ళు తాగిన పీచు వేరే ఉంతాది." నా వైపు చూశాడు. "నువ్వేనేటి బాబూ పుస్తకం రాసీవోడివి?"

నేను గ్రంథాలయంలో చదివిన సంగతి చెప్పాను. కుట్టు పడవలు మన ఒడ్డునే గాక అరబ్బుల దేశాల దాకా ఉండేవని, పూర్వం ఓడల మీద వచ్చిన యాత్రికులు వాటి గురించి రాసుకున్నారని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చదువుకున్నవాళ్ళు కూడా నా మాట అంత శ్రద్ధగా విన్నది తక్కువ. విని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆలు ఎక్కినారా, సూసినారా?"

ఆ పుస్తకంలో ఆ సంగతి లేదు. ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళి వెతికాను. నిజంగానే లేదు. చూసినవాడి మాటకీ ఎక్కినవాడి మాటకీ తేడా ఉంటుందని అన్నేళ్ళుగా చదువుతున్న నాకు అప్పటిదాకా తోచలేదు. మర్నాడు వెళ్ళి "రాయలేదు తాతా" అంటే, "సూసుంతారు" అని తాడు నమలడంలో పడిపోయాడు.

ఆయన పద్ధతులు కొన్ని చెప్తాను. ఆయన నేర్పేటప్పుడు పనిని ముట్టుకోడు. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకొని, ఎడమ మణికట్టుని కుడి చేత్తో పట్టుకొని నిలబడతాడు. కుర్రాళ్ళు తప్పు చేస్తుంటే ఆ పట్టు బిగుస్తుంది, నరాలు తేలతాయి. చెయ్యి మాత్రం ముందుకు రాదు. "నాను ముట్టుకుంటే ఈ పడవ నాదైపోద్ది" అనేవాడు. ఎక్కువ తిట్టడు. దగ్గుతాడు. ఆ దగ్గులో ఎన్ని రకాలున్నాయో ఆ ఆరుగురికీ వారం రోజుల్లో తెలిసిపోయింది. ఆయన మెప్పు ఒకే మాట, "ఒగ్గేయ్". ఇంక ముట్టుకోకు, వదిలెయ్ అని. ఆ మాట కోసం వాళ్ళు రోజంతా నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళు.

కుట్టు పని ఇద్దరిది. ఒకడు పడవ లోపల, ఒకడు బయట. పలకల అంచుల వెంట బరమాతో బెజ్జాలు వేసి, రెండు పలకలు కలిసే చోట ఎండుగడ్డిని తాడులా పేని లోపలి వైపు పరిచి, దాని మీదుగా తాడు దూర్చి లాగాలి. లోపలివాడు దూర్చింది బయటివాడు అందుకుంటాడు. పలక అడ్డం కాబట్టి ఒకడి మొహం ఒకడికి కనిపించదు. ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో తాడే చెప్పాలి. అందుకని ఫోన్లో పాటలు పెట్టనిచ్చేవాడు కాదు.

"పాట ఆపండ్రా. తాడు మాట వినబడ్డం నేదు."

"తాడు మాటాడుద్దేటి తాతా?" అన్నాడు ఎల్లాజీ. జాలర్ల పిల్లవాడు, నోరు ఎక్కువ.

"నీకంటే తక్కువ మాటాడుద్ది. అందుకే వినాల."

నూకరాజు, ఎల్లాజీ ఒక జత. నూకరాజుది ఒడ్డుకి కొంచెం లోపలున్న పల్లె. అంతకుముందు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో రెండేళ్ళు చేశాడు. ఆ షెడ్డు మూతపడి ఇటు వచ్చాడు. తక్కువ మాట్లాడతాడు, చెయ్యి మాత్రం చురుకు. ఎల్లాజీ అతన్ని 'లారీ డాక్టరు' అని ఏడిపించేవాడు.

"వెల్డింగు అయితే ఇది అరగంట పనిరా బావ," అనేవాడు నూకరాజు లోపల నుంచి.

"అయితే సంద్రానికి కూడా వెల్డింగు పెట్టీ. కెరటాలు రాకండా నిలబడిపోద్ది," అనేవాడు ఎల్లాజీ బయట నుంచి.

నేను టేపు తీసుకొని బెజ్జానికీ బెజ్జానికీ దూరం కొలిచేవాణ్ణి. పలకల మందం, తాడు లావు రాసేవాణ్ణి. ఒక్కటి మాత్రం కొలతకు అందలేదు. తాడు ఎంత బిగువుగా లాగాలి? మరీ వదులైతే కుట్టు ఆడుతుంది. మరీ బిగిస్తే పలక అంచు పగులుతుంది. అది రాయకపోతే పుస్తకమే లేదు. అడిగీ అడిగీ నేను విసిగించిన రోజున ఆయన దుంగ మీద నుంచి లేచి నా ముందు నిలబడ్డాడు. తువ్వాలు తీసి, నల్లటి మొలతాడు చూపించి, గుండెల నిండా ఊపిరి పీల్చాడు. మొలతాడు పొట్ట మీద కొంచెం బిగిసింది. వదిలాడు. అది మళ్ళీ మామూలుగా ఆనింది.

"అంత," అన్నాడు.

కుర్రాళ్ళు నవ్వారు. తర్వాత ఒక్కొక్కడూ తన మొలతాడు మీద వేలు పెట్టుకొని ఊపిరి పీల్చి చూసుకోవడం నేను చూశాను. నేనూ చూసుకున్నాను. గ్రంథాలయంలో నేను చదివిన ఏ పుస్తకమూ ఒక కొలతను నా ఒంట్లోనే పెట్టి చూపించలేదు. ఆరోజు నేను నోట్‌బుక్కులో ఏమీ రాయలేకపోయాను.

రాయాల్సింది ఇంకొకటి కూడా నేను రాయలేదు. ఆ తప్పు నాదే.

ఆయన పని మధ్యలో చాలాసార్లు అనేవాడు, "కొత్త పడవ తాగుద్ది" అని. నాకు అది ముసలివాళ్ళ ముచ్చటలా వినిపించింది. సంస్థవాళ్ళు చివరి పరీక్షకు ఏమేం చూడాలో ఒక పట్టిక తయారుచేయమంటే నేనే తయారుచేశాను. నాలుగో అంశంగా 'పడవలోకి నీరు రాకూడదు' అని రాశాను. ఎవరూ చెప్పలేదు. పడవ అన్నాక అంతే కదా అనుకున్నాను. మేడం ఒక కాపీ పాకలో గుంజకు అంటించింది. తాతకు చదవడం రాదు. కుర్రాళ్ళకు వచ్చు.

పెద్దలు వచ్చే ముందురోజు ఉదయం. పడవ పూర్తయి, దుంగల మీద నిలిపి ఉంది. తాత కుర్రాళ్ళ చేత సముద్రం నీళ్ళు బిందెలతో మోయించి పడవ లోపల పోయించాడు. లోపల నీళ్ళు, బయట గాలి. ఆయన చేతులు వెనక పెట్టుకొని పడవ చుట్టూ నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి కుట్ల వెంట సన్నగా తేమ కనిపించింది. ఒక్కో బెజ్జం దగ్గర ఒక్కో చుక్క. కారుతోంది అనుకున్నాను. మేడం గుంజకున్న పట్టిక వైపు చూసింది. ఎడమ వైపు కింద ఒక మూర మేర మాత్రం ఒక్క చుక్క కూడా లేదు. అది నూకరాజు లోపల కూర్చొని కుట్టిన భాగం.

"అదిగో, అలా ఉండాలి అన్నీ," అన్నాను నేను.

తాత అక్కడ ఆగాడు. బొటనవేలు ఆ కుట్టు మీద పెట్టి నొక్కాడు. పక్క కుట్టు మీద పెట్టి నొక్కాడు. మళ్ళీ మొదటిదాని మీద పెట్టాడు.

"ఈ కుట్టు సెమట పట్టనేదు," అన్నాడు.

ఈసారి ఆయన దగ్గలేదు. నీళ్ళు తోడించి, ఎల్లాజీని లోపలికి ఎక్కించి, ఆ మూర మేర తాడు కోయించాడు. గడ్డి పక్కకు తీశారు. పలకల సందులో బూడిదరంగు ముద్ద గట్టిగా రాయిలా అంటుకొని ఉంది. లారీ బాడీల అతుకుల్లో నింపే పుట్టీ.

ఎల్లాజీ దాన్ని గోటితో గీకి, నూకరాజు వైపు చూసి, ఏదో వేళాకోళం చేయబోయి ఆగిపోయాడు.

"ఏటిరా ఇది?" అన్నాడు తాత. గొంతు పెంచలేదు.

నూకరాజు తల ఎత్తకుండా గుంజ వైపు చెయ్యి చూపించాడు. "నీళ్ళు రాకూడదని రాసున్నాది కదా తాతా. నాది కారితే అందరిదీ పోద్ది."

తాత నా వైపు తిరిగాడు. "అందులో ఏటి రాసున్నాదో సదువు బాబూ."

నేను చదివాను. నాలుగో అంశం దగ్గర ఆయన నన్ను ఆపాడు.

"ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు తాతా. నేనే రాశాను."

ఆయన తల ఊపాడు. కోపం లేదు. ఎవరి పొరపాటు ఎక్కడ మొదలైందో తెలిసింది, అంతే. పుట్టీ ముక్క ఒకటి అరచేతిలో పెట్టుకొని నూకరాజు పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

"ఇది మంచిదేరా. లారీకి మంచిది. లారీకి రోడ్డు కదల్దు. ఇక్కడ రోడ్డే కదుల్తాది. దాంతో పాటు పలక కదలాల, తాడు కదలాల, గడ్డి ఉబ్బాల. ఇది ఏదీ కదలనివ్వదు. కెరటం ఒకటి గట్టిగా తగిల్తే పలక సీలిపోద్ది. కుట్టులోంచి వొచ్చీ నీళ్ళు తోడుకోవొచ్చు. పలకలోంచి వొచ్చీ నీళ్ళకి ఎంతమందుంటే మటుకు ఏటి సేత్తారు? సెమట పట్టిన కుట్టు తాగుద్ది, తాగి ఉబ్బుద్ది, ఉబ్బి మూసుకుంతాది. అందాకా తోడుకోవాలంతే."

మేడం వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆమె మంచి మనిషి. ఆ పిల్లల కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు.

"ఇప్పుడు మళ్ళీ కుట్టడానికి ఎన్ని రోజులు తాతా?"

"పలక అంచు కూడా సెక్కాల. తాడు నానాల. వారం దాటుద్ది."

"రేపు పెద్దలు వస్తున్నారు. మళ్ళీ వాళ్ళు రారు. ఇది పోతే రెండో జట్టు ఉండదు. ఈ పిల్లల గతి మీకు తెలుసు కదా. పైపైన కుట్టేసి పది నిమిషాలు నీళ్ళలో పెట్టి తీసేద్దాం. ఒడ్డు దగ్గరే."

"పది నిమిషాలైనా సంద్రమే కదమ్మా."

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. ఆయన నెమ్మదిగా అన్నాడు, "ఆలు రేపు సూసి ఎల్లిపోతారు. ఈలు ఎక్కాల."

మర్నాడు పెద్దలు వచ్చారు. పడవ ఎడమ పక్క తెరుచుకొని ఉంది. ఎందుకు తయారు కాలేదని అడిగితే తాత "అవనేదు బాబూ" అన్నాడు. నూకరాజు పేరు ఎత్తలేదు, నా పేరు ఎత్తలేదు. నేను ముందుకు వచ్చి ఆ పట్టిక తప్పని, రాసింది నేనని చెప్పాను. వాళ్ళలో ఒకాయన మర్యాదగా విన్నాడు. విని చేతి గడియారం చూసుకున్నాడు. కొబ్బరి నీళ్ళు తాగి, ఫొటోలు తీసుకొని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా పాక ఎత్తేయాలని ఉత్తరం వచ్చింది. దానికి జవాబు నా షాపులోనే టైపు చేశాను. ఆ జవాబుకి జవాబు రాలేదు.

ఆరుగురిలో నలుగురు తర్వాత గుజరాత్ వెళ్ళారు. ఈ సంగతి దాచి ఆయన్ని పొగడడం నాకు ఇష్టం లేదు. ఆయన ఆ రోజు కళ్ళు మూసుకొని ఉంటే ఆ నలుగురూ ఇక్కడే ఉండేవాళ్ళేమో. ఈ మాట నాలో నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన కూడా అనుకొని ఉంటాడు. ఆ నలుగురూ వెళ్ళిన ఉదయం, బస్సు ఎక్కించడానికి వాళ్ళతో పాటు మద్దిలపాలెం డిపో దాకా వచ్చాడు. ఒక్కొక్కడి చేతిలో తాను పేనిన తాడు చుట్ట ఒకటి పెట్టాడు. బస్సు కదిలినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నా షాపుకి వచ్చి టీ తాగమంటే వద్దన్నాడు.

కానీ దానికి ముందు ఆ పడవ నీళ్ళలోకి దిగింది. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు గురించి.

పెద్దలు వెళ్ళిపోయిన మర్నాడు నేను ముఖం చెల్లక పాక బయటే నిలబడ్డాను. తాత నన్ను చూసి, "లోపలికి ఎక్కు," అన్నాడు.

"నేనా తాతా?"

"రాసినోడివి నువ్వే కదా. నూకరాజు బయట ఉంతాడు. నువ్వు లోపల."

అలా నేను నా నలభై మూడో ఏట మొదటిసారి పడవ లోపల కూర్చొని తాడు పట్టుకున్నాను. పలకకు అవతల నూకరాజు ఉన్నాడు, కనిపించడు. నేను దూర్చిన తాడు బయటికి పోయి బిగుసుకుంటుంది. కొంచెం లాగితే కొంచెం బదులు వస్తుంది. మొదటి రోజు నా చేతుల్లో ఏమీ పలకలేదు. రెండో రోజు నేను ఎక్కువ లాగినప్పుడు అవతల నుంచి చిన్న కుదుపు వచ్చింది. ఆపమని. ఆపాను. మెల్లగా రెండుసార్లు ఆడింది. ఇంకొంచెం అని. లాగాను. మాకు మధ్య ఒక పలక ఉంది, మాట లేదు. అయినా ఆ కుర్రాడు భయపడుతున్నాడని, నామీద కోపం లేదని, ఈసారి తొందరపడడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఇన్ని పుస్తకాలు చదివాను గాని ఒక మనిషిని అంత దగ్గరగా చదవడం అదే మొదలు. చివరి ముడి దగ్గర తాత వచ్చి బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఒగ్గేయ్," అన్నాడు.

ఆ మాట నాకన్నాడో నూకరాజుకన్నాడో తెలియదు. ఇద్దరం చేతులు తీసేశాం.

పడవ దించే రోజున పెద్దలు లేరు, ఫొటోలు లేవు. మేడం వచ్చింది. చేపల బుట్టలు పక్కన పెట్టి నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఆ పనిలో ఒక ఆచారం ఉంది. మొదటిసారి దించినప్పుడు ఎవడు కుట్టిన కుట్టు దగ్గర వాడే కూర్చోవాలి, ఆ కుట్టు మీద అరచెయ్యి పెట్టుకొని. ఆరుగురూ ఎక్కారు. తెడ్డు పట్టడానికి ఎల్లాజీ మేనమామ ఎక్కాడు. నేను ఒడ్డున ఉండిపోదామనుకున్నాను. నాకు ఈత రాదు.

"పుస్తకం బాబూ, నీ మూర కాళీగా ఉన్నాది," అన్నాడు తాత.

నూకరాజు పక్కన కూర్చున్నాను. మా ఇద్దరి అరచేతులూ ఒకే కుట్టు మీద ఉన్నాయి. మొదటి కెరటం పడవను పైకి ఎత్తి దించింది. చేతి కింద పలక కదలడం తెలిసింది. పలకలన్నీ ఒక్కసారిగా ఊపిరి పీల్చి వదిలినట్టు కదిలాయి. రెండోది ముక్కు మీద కొట్టింది. మొహాల నిండా నీళ్ళు. మూడోది వచ్చేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్ళు చదునుగా ఉన్నాయి, ఒడ్డు దూరంగా ఉంది, కొండ మీద డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ తెల్లగా కనిపిస్తోంది.

అప్పుడు నా వేళ్ళ సందుల్లోంచి చల్లగా నీళ్ళు ఊరాయి.

"వొత్తన్నాయి," అన్నాడు నూకరాజు. "నీళ్ళొత్తన్నాయిరా బావ."

"నాకు ఎప్పుడో వొచ్చీసినాయి. నీదే లేటు, లారీ డాక్టరూ. తోడు," అన్నాడు ఎల్లాజీ.

కోసిన నూనె డబ్బాలతో అందరం తోడాం. నవ్వుకుంటూ తోడాం. గంట గడిచేసరికి డబ్బా నిండడానికి పట్టే సమయం పెరిగింది. ఇంకాసేపటికి నా అరచేతి కింద తేమ ఉంది గాని నీరు లేదు. గడ్డి ఉబ్బి తాడుని తన్నిపెట్టింది. ఒక పల్లెటూరి కుర్రాడు, ఒక జిరాక్స్ షాపువాడు కుట్టిన మూరెడు కుట్టు, దానంతట అదే మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. సముద్రం మీద మొహం ఎలాగూ తడిసే ఉంటుంది.

వెనక్కి వచ్చి పడవని ఇసుక మీదికి లాగాం. తాత లోపలికి తొంగి చూడలేదు. చుట్టూ తిరగలేదు. ఆడవాళ్ళు వేళాకోళాలు ఆడుతున్నారు, మేడం ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆయన నూకరాజుని పిలిచి, ఒడ్డున కొంచెం ఎగువన, తాటాకులు కప్పి ఉన్న ఒక పాత పడవ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది ఆయన సొంత పడవ. వాళ్ళ నాన్న, ఆయన కలిసి కుట్టింది. అన్ని నెలల్లో ఆరుగురిలో ఒక్కణ్ణి కూడా దాని మీద చెయ్యి వేయనివ్వలేదు. ఎల్లాజీ ఒకసారి దానికి ఆనుకొని నిలబడితే లేపి పంపేశాడు. తాటాకులు తీసి అడుగు పలక చూపించాడు.

"ఇక్కడ వొదులైనాది. నాకు కళ్ళు ఆనటం నేదు. రేపొద్దున్న ఇప్పి కుట్టు."

నూకరాజు వంగి ఆ పలకను చూశాడు. "మేస్త్రీ సోమారం రమ్మన్నాడు తాతా. గుజరాత్‌కి."

"అయితే సోమారం లోపల అవదు," అన్నాడు తాత. "ఇది మూడు నెలల పని."

ఉండిపొమ్మనలేదు. తన తండ్రి చేతి కుట్టు విప్పే కత్తి అతని ముందు పలక మీద పెట్టి, పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

నూకరాజు కత్తి తీసుకోలేదు. ముందు పాకలోకి వెళ్ళి, కొత్త తాడు చుట్ట ఒకటి భుజాన వేసుకొని, నీళ్ళ అంచుకి నడిచి, దాన్ని సముద్రంలో నానబెట్టాడు.